కోటు గుండీ

నా కుట్టుకి ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే పక్కింటి పెద్దాయన ఉన్ని కోటుకి ఊడిపోయిన గుండీ కుట్టిచ్చినప్పుడు, జన్మలో మళ్ళీ ఊడకూడదని మా అమ్మాయి గజ్జెల పట్టీ కోసం కొన్న గట్టి దారం వాడాను. ఆయన యూదుడు, ఒంటరివాడు. పరాయి దేశంలో, ఈ ట్రాయ్ ఊళ్ళో మా వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించే మనిషి ఆయనొక్కరే.

నెల దాటాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో టీ తాగుతూ వాళ్ళ ఆచారం ఒకటి చెప్పారు. ఉన్నీ, అవిసె నారతో చేసే లినెనూ ఒకే బట్టలో కలవకూడదట. ఒక్క దారం కలిసినా ఆ బట్ట తొడుక్కోకూడదట. ఎందుకని అడిగితే దేవుడు కారణం చెప్పలేదన్నారు. ఒంటిమీద ఉండగా తెలిస్తేనో? నడిరోడ్డయినా సరే, అక్కడికక్కడే విప్పేయాలట. నాకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున గజ్జెల పట్టీ బాగుచేస్తూ దారం రీలు తిప్పి చూశాను. అడుగున లినెన్ అని ఉంది. కిటికీలో ఆయన అదే కోటుతో ప్రార్థనకి బయల్దేరుతున్నారు. శనివారం వాళ్ళు కారెక్కరు. చలి జాకెట్ తగిలించుకుని పరిగెత్తాను.

చెబుదామని నోరు తెరిస్తే చలి గొంతులోకి దిగింది. అప్పుడు తట్టింది, చెప్తే ఈ మంచులోనే కోటు విప్పేస్తారని. కిందటి చలికాలం న్యుమోనియాతో చావు తప్పి బయటపడ్డ మనిషి. ఊరికే వాకింగ్‌కి వచ్చానని అబద్ధమాడాను. తోడు దొరికిందని ఆయన సంతోషించారు.

మైలు దూరం. రోడ్డు మీద ఒక్క కారు లేదు. మంచు మా అడుగుల చప్పుడు కూడా మింగేసింది. ఆయన ఏదో చెబుతూనే ఉన్నారు, నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. నా కళ్ళు ఆ గుండీ మీదే ఉన్నాయి. ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి గుండీని తడిమి వచ్చేది, నిద్రలో ఉన్నవాళ్ళ చెయ్యిలా. మాతోపాటు ఇంకెవరో నడుస్తున్నారనీ, వాళ్ళకి నా సంగతి తెలుసనీ అనిపించింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మంచులో మా ఇద్దరి అడుగులే ఉన్నాయి. ఇలాంటివి నేను నమ్మను. అయినా భయమేసింది.

ప్రార్థనా మందిరం తలుపు దాటి హీటర్ వేడి తగలగానే చెప్పేశాను.

"అంకుల్, ఆ గుండీ లినెన్ దారంతో కుట్టాను."

ఆయన ఒక్కో గుండీ విప్పి, కోటు కొక్కేనికి తగిలించి, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నారు. ఇంటికెలా వెళ్తారంటే లోపల ఎవరో ఒకరు కోటు ఇస్తారన్నారు. నీకెప్పుడు తెలిసిందని అడిగారు. ఇంట్లోంచి బయల్దేరకముందే అన్నాను. తిడతారనుకున్నాను.

"నాకు తెలియదు కాబట్టి నేను మామూలు కోటే వేసుకున్నాను. మైలు దూరం ఆ దారాన్ని మోసింది నువ్వు," అని లోపలికి వెళ్ళిపోయారు.

కొక్కేనికి కోటు నావైపు తిరిగి వేలాడుతోంది. దాన్ని ముట్టుకోలేకపోయాను. ఏడుపొచ్చింది. ఇంటికి చేరేదాకా నా జాకెట్ జిప్ వేసుకోవడానికి మనసు రాలేదు.