నర్సవ్వ పడవ, నా బొటనవేలు

నర్సవ్వ. ఈ కథ నాటికి నలభై రెండేళ్లు. ఏది కొన్నా ముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వింటుంది. కుండైనా, గుమ్మడికాయైనా సరే. మేం కొత్తగా కొన్న రేడియోను కూడా తట్టి చూసి, "లోపట మంచిగనే ఉన్నది" అని చెప్పిన తర్వాతే నాకూ దాని మీద నమ్మకం కుదిరింది.

ఈమె తన మొదటి పడవను ఎట్లా ఎంచుకుందో చెప్తాను. టీ తాగుతూ వినండి. నా కుడికాలి బొటనవేలి గోరు వంకరగా ఉందని అందరూ అడుగుతుంటారుగా, దాని సంగతి కూడా ఇందులోనే ఉంది!

అరవైల చివర్లో మాట. మేం తార్నాకలో ఉండేవాళ్లం. నేను యూనివర్సిటీ కాంపస్‌లో పాఠాలు చెప్పేదాన్ని, మిగతా టైములో పత్రికలకు స్త్రీల స్వేచ్ఛ గురించి వ్యాసాలు రాసేదాన్ని. నర్సవ్వ నెత్తిన గంప పెట్టుకుని క్వార్టర్స్ నుంచి తార్నాక దాకా చేపలు అమ్మేది. నేను వ్యాసం రాస్తుంటే ఆమె మా వంటింటి గడప దగ్గర చేప తోమేది. ఇద్దరం కలిసి సమాజాన్ని తిట్టేవాళ్లం. ఆమె తిట్లు నా వ్యాసాల కంటే బాగుండేవి.

"పట్టెటోళ్లు వాళ్లు, అమ్మెటోళ్లం మేము. పైసలు వాళ్లయి, నీసువాసన మాది," అనేది. దీన్ని కాపీ కొట్టి ఒక వ్యాసానికి మకుటంగా పెట్టుకున్నాను కూడా.

ఆ ఏడు వానల్లో ఆమె మొగుడు జ్వరం వచ్చి పోయాడు. నాచారం దిక్కు ఒక చెరువులో అతనికి చేపల పాలు, అంటే చేపలు పట్టుకునే వాటా, ఉండేది. చేపలు పట్టేవాళ్ల సంఘం కట్టుబాటు ఏమిటంటే, దసరాలోగా ఆ ఇంటి మనిషి నీళ్ల మీదికి వెళ్లి వల వెయ్యాలి. లేకపోతే పాలు దగ్గరి చుట్టానికి పోతుంది. నర్సవ్వకు పిల్లల్లేరు. దగ్గరి చుట్టం మరిది సాయన్న. అతను అప్పటికే మీసం దువ్వుకుంటున్నాడు.

"నేనే ఏస్త వల," అన్నదట నర్సవ్వ.

"ఏంది వదినా, ఆడోళ్లు తెప్ప ఎక్కుతరా? ఎక్కితే వలకు చేప వస్తదా? మా తెప్ప మాత్రం ముట్టకు," అన్నాడట సాయన్న.

ఈ మాట నాతో చెప్పినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు లేవు. చేతిలో కత్తిపీట ఉంది. తెప్ప ఇవ్వకపోతే సొంత పడవే కావాలి కదా? సరిగ్గా ఆ వారమే కాంపస్ నోటీసు బోర్డు మీద చూశాను. చెరువుల లోతు కొలవడానికి ఎప్పుడో తెప్పించిన రెండు చిన్న అల్యూమినియం పడవలు అమ్మేస్తారట!

"అల్యూమిని అంటే?" అంది నర్సవ్వ.

"మన సిల్వర్ గిన్నెలుంటాయే, ఆ రేకు. తేలిక. ఇద్దరాడవాళ్లం మోసుకుపోవచ్చు. ఒక్క మగాడి భుజం అక్కర్లేదు."

ఆమె వెళ్లి కాళ్ల కడియాలు అమ్మి వచ్చింది. నేను సరదాగా అన్న మాటకు ఆమె కడియాలు తీసేసింది. అప్పుడే నాకు కొంచెం గుబులు పుట్టి ఉండాల్సింది. పుట్టలేదు.

స్టోరు ఆవరణలో పడవలు రెండూ వేపచెట్టు కింద పడి ఉన్నాయి. స్టోర్‌కీపర్ యాదగిరి కుర్చీ వేసుకుని పల్లీలు తింటున్నాడు. మా ఆయన రఘు కూడా వచ్చాడు. నేను రమ్మనలేదు. స్కూటర్ ఆయనది.

ఒక పడవ పొడుగ్గా, కోసుగా, ఆకుపచ్చ రంగుతో దర్జాగా ఉంది. రెండోది అడుగు చదునుగా, సొట్టలు పడి, పప్పు చెరిగే చేట లాగా ఉంది.

"ఆ పచ్చది తీసుకో నర్సవ్వా! సాయన్న మొహం మాడిపోవాలి!" అన్నాను.

నర్సవ్వ పచ్చదాన్ని తట్టింది. 'టంగ్' అంది. చేటను తట్టింది. 'ధబ్' అంది. రెండింట్లోనూ ఎక్కి నిలబడి, అటూ ఇటూ ఊగింది. పచ్చది నేల మీదే ఒక పక్కకు ఒరిగిపోయింది.

"పంతులమ్మా, నేను నిలవడి వల ఏసేదాన్ని. గిదేమో కూసొని ఫొటో దిగే పడవ. నాకు చేటనే మంచిగున్నది."

నోరు మూసుకున్నాను. అట్లాగే మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో ఐపోయేది.

"గని, ఓటిదో కాదో ఎట్ల తెలుస్తది?" అంది నర్సవ్వ.

ఎమ్మే చదివిన దాన్ని నేనుండగా అంత సందేహమా! "కొత్త బిందె కొంటే ఏం చేస్తాం? నీళ్లు పోసి చూస్తాం. లోపలి నీళ్లు బయటికి రాకపోతే బయటి నీళ్లు లోపలికి రావు. ఇది సైన్సు!"

యాదగిరి పల్లీలు నమలడం ఆపేశాడు. "అమ్మా, నీళ్లల్ల పడవ ఏస్తరు గని, పడవల నీళ్లు పోస్తరా ఎవరన్న?"

"మీకు తెలియదు, ఆ తోట పైపు ఇటివ్వండి."

అరగంట పట్టింది నిండడానికి. నర్సవ్వ చుట్టూ తిరిగి, అడుగున చెయ్యి పెట్టి చూసింది. ఒక్క చుక్క లేదు! "సక్కటి పడవ," అంది. నేను గర్వంగా రఘు వైపు చూశాను. ఆయన పేపర్ దించి, "బాగుంది. ఇప్పుడు ఆ నీళ్లు ఎట్లా తీస్తారు?" అన్నాడు.

నలుగురం కలిసి పట్టినా అది ఇంచు కదల్లేదు. ఏనుగు కూర్చున్నట్టు కూర్చుంది. చెంబుతో తోడుదామంటే సాయంత్రం అవుతుంది. అప్పుడు కనిపించింది నాకు, వెనక భాగంలో అడుగున ఒక ఇత్తడి బిరడా, మరచుట్లతో.

"దాన్ని తిప్పకు," అన్నాడు రఘు.

తిప్పేశాను.

ఒక్కసారిగా నీళ్లు! వాలు ఎటుందో నేను చూడలేదు. నీళ్లకు బాగా తెలుసు. తిన్నగా స్టోరు గదిలోకి పోయాయి. యాదగిరి "అరె అరె, నా ఫైళ్లు!" అని చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. మేం కూడా లోపలికి దూరి కట్టలన్నీ బయటికి చేరేశాం. రసీదులు, ఫారాలు, ఏ కాలం నాటివో ఉత్తరాలు. అన్నీ ఎండలో పరిచి, గాలికి ఎగరకుండా మీద రాళ్లు పెట్టాం. రాళ్లు చాల్లేదు. చేతిలో బిరడా ఉంది కదా, నేను దాన్ని కూడా ఒక కట్ట మీద పెట్టాను. మంచి బరువు.

మధ్యాహ్నానికి పడవ నర్సవ్వది అయింది. ఒంటెద్దు బండి మీదికి ఎక్కిస్తుంటే రఘు వంగి చూసి, "ఆ కంతకు మూత ఏది?" అన్నాడు.

ఇక్కడ నా జవాబు యథాతథంగా చెప్తాను, నవ్వకండి. "రఘూ! ఆడవాళ్లం మా పని మేం చేసుకుంటుంటే, అందులో ఏదో ఒకటి లేదని చూపించడం మీ జాతికే అలవాటు!"

పాపం, ఆయన వెళ్లి స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఇప్పటికీ ఆయన ఏమైనా అడిగితే, తిట్టే ముందు ఒక నిమిషం ఆలోచిస్తున్నాను.

ఆదివారం పొద్దున చెరువు గట్టు మీద సంఘం మొత్తం చేరింది. సంఘం పెద్ద, ముసలాయన, షరతు చెప్పాడు: "గీ రేవు నుంచి గా తూము దాంక పోవాలె. గాడ వల ఏయాలె. మునగకుండ వాపస్ రావాలె. వస్తే పాలు నర్సవ్వది. రాకుంటే సాయన్నది. మల్ల లొల్లి ఉండొద్దు."

ఊరుకోవచ్చు కదా నేను! ఊరుకోలేదు. గట్టెక్కి ఉపన్యాసం ఇచ్చాను. ఆడది ఎక్కితే చెరువు ఎండుతుందా అన్నాను, చేపకు ఆడామగా తేడా తెలుసా అన్నాను. సాయన్న చేతులు కట్టుకుని అంతా విని, "గంత నమ్మకమున్నదా పంతులమ్మా? అయితే నువ్వు గూడ ఎక్కు!" అన్నాడు.

నేను కడపలో పుట్టిన దాన్ని. బకెట్టు కంటే లోతైన నీళ్లతో నాకు పరిచయం లేదు. కానీ అంత ఉపన్యాసం తర్వాత వెనక్కి తగ్గడం ఎట్లా? ఎక్కి వెనక బల్ల మీద కూర్చున్నాను.

నర్సవ్వ ముందు నిలబడి గెడ వేస్తుంటే చూడాలి! నడుం వంగలేదు, చెయ్యి వణకలేదు. మొగుడు తెప్ప నడుపుతుంటే ఇరవై ఏళ్లు గట్టు మీద నుంచి చూసే నేర్చుకుందట. ఇంటికి వెళ్లగానే దీని మీద వ్యాసం రాయాలి అనుకుంటూ ఉన్నాను. పాదాలు చల్లగా తగిలాయి. ఉద్వేగం అనుకున్నాను. కాసేపటికి నా చెప్పులు తేలుతూ నర్సవ్వ వైపు వెళ్లాయి.

"నర్సవ్వా, పడవలో కొంచెం నీళ్లు..."

"నీళ్లల్ల పోతున్నం, నీళ్లుండయా?"

"చీలమండ దాకా."

ఆమె వెనక్కి తిరిగింది. చూసింది. వెనక మూల కంతలోంచి చెరువు నింపాదిగా లోపలికి వస్తోంది.

"పంతులమ్మా, గా బిరడా ఏది?"

"కాగితాల మీద."

"ఏం కాగితాలు?"

"ఆరబెట్టామే, అవి. బరువుకి పెట్టాను."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. "నీ సదువుల మన్నువడ! వేలు పెట్టు దాంట్ల!"

నేను చెయ్యి ముంచబోయాను.

"చెయ్యి కాదు, కాలు! వంగి కూసుంటే గాళ్లకు సమజ్ అయితది. కాలు బొటనవేలు పెట్టు. పెట్టి, దొరసాని లెక్క కూసో. నవ్వు!"

పెట్టాను. కూర్చున్నాను. నవ్వాను. గట్టు మీద నుంచి రెండు వందల కళ్లు చూస్తున్నాయి. నా పేరున్న వ్యాసాలు అచ్చేసిన సంపాదకులు గనక నన్ను అప్పుడు చూసి ఉంటే!

తూము దగ్గర నర్సవ్వ వల విసిరింది. గొడుగు విచ్చినట్టు విచ్చుకుంది అది. లాగితే నాలుగు కొర్రమట్టలు, మూడు బొచ్చెలు! వాటిని పడవలో గుమ్మరించింది. అడుగున నీళ్లున్నాయి కదా, అవి హాయిగా ఈదడం మొదలుపెట్టాయి. నా కాళ్ల చుట్టూ! ఒక కొర్రమట్ట నా మడమను ముద్దు పెట్టుకుంది. నేను నవ్వుతూనే ఉన్నాను. దవడలు నొప్పి పుట్టాయి.

రేవుకు చేరాం. నలుగురు పడవను బురద మీదికి లాగారు. సాయన్న తొంగి చూసి, "గీ నీళ్లేంది?" అన్నాడు.

నర్సవ్వ కన్ను కూడా ఆర్పలేదు. "చేపలు బతకొద్దా మరి? మీరు సచ్చిన చేపలు తెస్తరు, నేను పాణంతోని తెచ్చిన. బజార్ల ఏది ముందుగాల పోతది?"

ముసలాయన వంగి ఈదుతున్న చేపలను చూసి తల ఊపాడు. గెలిచేశాం!

"దిగు పంతులమ్మా," అన్నారెవరో మర్యాదగా.

"పర్లేదు, నాకిక్కడ బాగుంది," అన్నాను.

వేలు తీస్తే నీళ్లు కారి గుట్టు బయటపడుతుంది. అదొకటి. రెండోది, తీద్దామన్నా రావడం లేదు! నాని, ఉబ్బి, బిరడా కంటే గట్టిగా బిగుసుకుంది. ఎండలో, ఎక్కడికీ పోని పడవలో, ఏడు చేపలతో నేను. గట్టు మీద అందరూ చూస్తున్నారు. నర్సవ్వ "పంతులమ్మకు చెరువంటే పాణం" అని సర్దిచెప్తోంది.

అప్పుడు వినిపించింది స్కూటర్ హారన్. రఘు. వెనక సీటు మీద యాదగిరి. అతను చెయ్యి పైకెత్తి గట్టంతా వినపడేలా అరిచాడు: "అమ్మా! మీ పడవ బిరడా! నా ఫైళ్ల మీదనే ఇడిసిపెట్టి పోయిండ్రు!"

ఇక చూడండి! సాయన్న గంతేశాడు. "మోసం! కంత పడవ! గీ పంతులమ్మ వేలు పెట్టి కూసున్నది! చెల్లదు!"

ఆమె కడియాలు, ఆమె మొగుడి పాలు, అన్నీ నా బొటనవేలి దగ్గర పోతున్నాయి. నర్సవ్వ మాత్రం చీర కుచ్చెళ్లు పిండుకుంటూ, నెమ్మదిగా ముసలాయన వైపు తిరిగింది.

"పెద్దయ్యా, షరతేంది? పోవాలె, వల ఏయాలె, మునగకుండ రావాలె. గంతేనా? కంత ఉన్న పడవతోని పోయొచ్చిన. ఈత రాని మనిషిని ఎక్కించుకొని పోయొచ్చిన. సాయన్నను గూడ తెప్పకు కంత పెట్టుకొని పోయి రమ్మను. వస్తే పాలు ఆయనకే ఇస్త."

ముసలాయన ముందు దగ్గాడు. ఆ దగ్గు నవ్వయింది. "సాయన్నా, పోతవార?"

సాయన్న పోలేదు.

పాలు నర్సవ్వది అయింది. నా వేలు మాత్రం మంచినూనె తెచ్చి పోసిన తర్వాత గానీ నాది కాలేదు. గోరు అక్కడే ఉండిపోయింది. వంకరగా మొలిచిన గోరు ఇదే. ఇంటికి వెళ్లేటప్పుడు స్కూటర్ మీద రఘు ఒక్క మాట కూడా అనలేదు. అంత దుర్మార్గం మరొకటి ఉంటుందా?

పండగ వెళ్లాక నర్సవ్వను అడిగాను, "మళ్లీ ఎప్పుడు ఎక్కించుకుంటావు నన్ను?"

ఆమె దగ్గరికి వచ్చి వేలి కణుపుతో నా నుదుటి మీద తట్టింది. చెవి ఒగ్గి వింది. ఏమీ అనకుండా గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

రెండేళ్ల తర్వాత సంఘం ఎన్నికల్లో సాయన్న మీద నిలబడి గెలిచింది. నన్ను మాత్రం ఆ పడవ ఎక్కనివ్వలేదు.