కడుపుతో ఉన్న సొర

ఫణీంద్ర సారు మీద నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది. నా మీద అంతకన్నా ఎక్కువ మండుతోంది. అదెందుకో చెబుతాను.

అచ్చియమ్మ నలభై ఏళ్లుగా అనకాపల్లిలో చేపలమ్ముతోంది. సముద్రం ఒడ్డునున్న పూడిమడక నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి, గంప దించగానే సరుకును వేరుచేస్తుంది. ముళ్లున్న చేపలు ఒక పక్క, మెత్తటి ఎముకల సొరచేపలు ఒక పక్క, పెంకున్న రొయ్యలూ పీతలూ ఇంకో పక్క. రొయ్యను చేప అన్నవాళ్లకు ధర కూడా చెప్పదు. సొరను కోసేముందు పొట్ట మీద బొటనవేలితో నొక్కి చూస్తుంది. కడుపుతో ఉంటే కత్తి పెట్టదు, ఎవరు అడిగినా అమ్మదు. ప్రాణం పోయినదైనా సరే, తిరిగి తీసుకెళ్లి సముద్రంలోనే కలిపేస్తుంది. వాళ్లింట్లో అది తాతల నాటి పద్ధతి.

ఆమె మనవరాలు దుర్గాలక్ష్మి మా బడిలో ఎనిమిదో తరగతి. నేను తెలుగు చెబుతాను. జిల్లా సైన్స్ ఫెయిర్ కోసం ఆ పిల్ల నెల రోజులు కూర్చుని మట్టితో సముద్ర జీవులను చేసి, గుంపులుగా అమర్చింది. ఈలోగా పరీక్ష వచ్చింది. "చాలా చేపలు గుడ్లు పెడతాయి, పాల సొర పిల్లల్ని కంటుంది" అని రాసింది. సైన్స్ మాస్టారు ఫణీంద్ర అడ్డంగా ఎర్రగీత కొట్టాడు. ఎందుకని అడిగితే స్టాఫ్ రూములో అందరి ముందూ నిలబెట్టాడు.

"పిల్లల్ని కంటే అది క్షీరదం. మీ గంప దగ్గర కబుర్లు పరీక్షలో రాయకు. నీ పేరు ఫెయిర్ లిస్టులోంచి తీసేస్తున్నాను."

అడిగినందుకు శిక్ష. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. సొర పిల్లల్ని కంటుందని మా గుమ్మంలో అచ్చియమ్మ నోటంట ఎన్నోసార్లు విన్నాను. అయినా తలెత్తకుండా పేపర్లు దిద్దుకున్నాను. సిగ్గులేని మనిషిని.

మూడో రోజు ఇంటర్వెల్లో అచ్చియమ్మ వరండాలోకి వచ్చి గంప దించింది.

"మేస్టారూ, ఇలా వచ్చి సూడండి."

ఫణీంద్రా, నేనూ, హెడ్మాస్టరు త్రినాధరావు గారూ బయటికి వచ్చాం. ఆమె గంపలోంచి ఒక పాల సొరను తీసి బల్ల మీద పెట్టి, పొట్ట మీద బొటనవేలు ఆనించి, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తరవాత కోసింది. లోపల నాలుగు పిల్లలు, ఒక్కోదానికీ బొడ్డుతాడు.

ఫణీంద్ర ముఖం మాడిపోయింది. "అయితే ఇది క్షీరదమే కదా" అన్నాడు, ఇంకా తగ్గకుండా.

"ఎలాగవుద్ది బాబూ? సన్ను లేదు, పాలివ్వదు. ఈ మొప్పలు సూడు. నీళ్లలోనే ఊపిరి తీత్తాది. పిల్లల్ని కన్నా సేప సేపే. నా మనవరాలు రాసిందాంట్లో తప్పేటి?"

హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, మార్కు వేయిస్తానన్నారు.

"మరి ఫెయిరు?"

"లిస్టు పంపేశామమ్మా" అన్నాడు ఫణీంద్ర.

పచ్చి అబద్ధం. ఆ లిస్టు నా చేతిరాతే, నా సొరుగులోనే ఉంది. ఇక ఊరుకోలేకపోయాను.

"పంపలేదండీ. నా దగ్గరే ఉంది" అన్నాను. "ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఈవిడే చెప్పింది."

హెడ్మాస్టరు ఫణీంద్ర వంక ఒక చూపు చూసి, నా చేతికి పెన్నిచ్చారు. లిస్టు తెచ్చి దుర్గాలక్ష్మి పేరు మళ్లీ రాశాను. తలుపు పక్కన నిలబడ్డ ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

అచ్చియమ్మ నాలుగు పిల్లలనూ తల్లి పొట్టలోనే సర్ది, తడిగుడ్డ చుట్టి గంపలో పెట్టింది. నేను ఒక చెయ్యి వేసి గంప ఎత్తబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు తీసేసింది.

"మొన్నే ఈ మాట సెప్పుంటే, దీన్ని కోసేదాన్ని కాదు గదమ్మా."