భీమక్క వావిలాకు

మా ఎదురింటి భీమక్కకు తెలియని ఆకు లేదు. ఆ ఆకు సంగతి చెప్పకుండా వదిలిన మనిషీ లేడు. కాల్లో ముల్లు విరిగిందని పోతే జిల్లేడు పాలు రెండు చుక్కలు వేసి ముల్లు పైకి తెస్తుంది. ముల్లు బయటికొస్తుంది గానీ మనం రాలేం. జిల్లేడుతో మొదలుపెట్టి మన తాతల పెళ్లిళ్ల దాకా చెబుతుంది. ఎమ్మిగనూరుకు ఆటో తోలే నేను, ఆమె ఎక్కిన రోజు పాటలు పెట్టను. దండగ.

ఆమె కూతురు పావని కాన్పయి పుట్టింట్లోనే ఉంది. ఒళ్లంతా నొప్పులు. తల్లి సలహాలు వినీ వినీ నా ముందరే కసిరింది.

"అమ్మా, నువ్వు రోంత నోరు మూసుకుంటే నా నొప్పులు సగం పోతాయి."

భీమక్క ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం లోలోపల సంతోషమే అయింది, అబద్ధమెందుకు!

మర్నాడు పొద్దున పొలం దారిలో ఎదురుపడింది.

"యాడికి పోతాండావు భీమక్కా?"

పలకలేదు.

"పాప పాలు తాగుతాందా?"

మనవరాలి ఊసెత్తినా పలకలేదు! పెదవులు బిగించి, కళ్లు పెద్దవి చేసి, నన్ను పక్కకు జరగమని చెయ్యి ఊపి వంక గట్టు వైపు పోయింది. భీమక్కకు మాట పడిపోయిందని ఊరంతా చాటింది నేనే.

వావిలాకు మోపు నెత్తిన పెట్టుకొని ఆమె తిరిగొచ్చేసరికి నా ఆటో వాళ్ల వాకిట్లో ఉంది. వీధి వీధంతా దాని చుట్టూ ఉంది. పక్కింటి గిడ్డయ్య ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకొని, "ఆదోని ఆసుపత్రికి పోదాం రా అక్కా" అని లాగాం. విదిలించింది. నా వీపున ఒక్కటిచ్చింది కూడా. తిట్లు లేకుండా పడే దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో నాకప్పుడే తెలిసింది.

పావని గడప పట్టుకొని బోరుమంది.

"నేనన్న మాటకే ఇట్లయింది. మాట్లాడుమా! ఏమన్నా తిట్టుమా!"

భీమక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నోరు తెరవలేదు. మమ్మల్ని తోసుకొని పెరట్లోకి పోయి, మరుగుతున్న నీళ్ల కాగులో ఆకంతా వేసింది. అప్పుడు నావైపు తిరిగింది.

"ఒరే ఉరుకుందూ! మందాకు కోసేకి పోయినోళ్లు అది నీళ్లల్లో పడేలోపల మాట్లాడితే గుణం పోతుందని నీకు తెల్దేమిరా?"

తరువాత కూతురి చెంపలు తుడిచింది.

"నేను నోరు మూసుకుంటే సగం నొప్పులు పోతాయంటివి కదే. మూసుకుంటి. మిగిలిన సగం ఈ నీళ్లకు పోతాయి. రా, పోస్తాను."