అరుగు మీద కేక లేని సాయంత్రం

నా చిన్నప్పుడు, నాగాయలంక దగ్గర మా ఊరికి ఇంకా కరెంటు రాకముందే, మా తాతయ్య రేడియో కొన్నారు. అది పెద్ద బ్యాటరీతో నడిచేది. బ్యాటరీ అయిపోతే బందరు నుంచి తెప్పించాలి. అందుకని సాయంత్రం వార్తలకు తప్ప దాని మీట ఎవరినీ తిప్పనిచ్చేవారు కాదు.

మొదటి ఏడాది ఊళ్లోవాళ్లు దాన్ని వింతగా చూసి నవ్వుకుని వెళ్లిపోయారు. ఎక్కడో కూర్చున్నవాడికి మన చేల మీది మబ్బు సంగతి ఏం తెలుస్తుందని పక్కింటి మావయ్య వేళాకోళం చేసేవాడు. ఆయన గాలిని బట్టి వాన చెప్పగల మనిషి. రెండో ఏడాది రేడియో చెప్పిన వాన రెండుసార్లు నిజంగానే పడింది. మూడో ఏడాదికి మావయ్య కూడా దాని మాట మీదే కోతలు పెట్టుకున్నాడు. వాన కబురుంటే తాతయ్య అరుగు మీద నుంచి కేకేసేవారు. కేక వినపడలేదంటే వాన లేనట్టే.

ఆ కోతల రోజుల్లోనే తాతయ్య గుడివాడ వెళ్తూ, వార్తలు విని మావయ్యకి చెప్పే పని నాకు అప్పగించారు. నాకప్పుడు పదేళ్లు. పెత్తనం చేతికొచ్చేసరికి ఒళ్లు తెలియలేదు. మధ్యాహ్నమంతా సినిమా పాటలు పెట్టుకున్నాను. అసలే నీరసించిన బ్యాటరీ, వార్తల వేళకి గుర్రుమని కూడా అనలేదు. తిడతారన్న భయంతో ఎవరికీ చెప్పకుండా అన్నం తిని పడుకున్నాను. రేడియో ఆగిపోయిందని ఒక్క మాట చెప్పినా సరిపోయేది.

తెల్లవారేసరికి వాన. మావయ్య కోసి ఆరేసిన వరి పనలన్నీ నీళ్లలో తేలాయి. ఆ ఇంటికి ఏడాది తిండి అది.

వాన తగ్గాక మావయ్య, అత్తయ్య తడిసిన పనలు గట్టు మీదికి మోస్తుంటే నేనూ వెళ్లి చేయి వేశాను. జరిగింది చెప్పేద్దామనే వెళ్లాను గానీ, చెప్పకుండానే పనలు మోస్తూ ఉండిపోయాను. మావయ్యే అన్నాడు.

"నిన్న నీ పాటలు మా చేలోకి వినపడ్డాయమ్మాయ్. వింటా కోసేశాం, పని తెలీలేదు."

ఆయన మరో పన భుజానికెత్తుకున్నాడు.

"సాయంత్రం తూర్పుగాలి తిరిగింది. నాకు తెలుస్తానే ఉంది. మీ అరుగు మీద కేక లేదు కదాని ఊరుకున్నాను. తప్పు నాదే."

ఆ పాటల సంగతి ఆయన మా తాతయ్య దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తర్వాత ఇంటింటికీ రేడియోలు వచ్చాయి, ఆ తర్వాత టీవీలూ వచ్చాయి. ఏ పరికరమైనా ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, అసలు పనిచేస్తోందో లేదో చూడమని మా పిల్లల్ని పోరుతుంటాను. చాదస్తం అంటారు. అననీ. నా తప్పు ఆయన తన నెత్తిన వేసుకుంటుంటే, గట్టు మీద నిలబడి వేసుకోనిచ్చాను. మావయ్య పోయి చాలా ఏళ్లయినా, అది నాకు ఈ వయసులోనూ మింగుడు పడటం లేదు.