మూడు మూటలు, అక్క మెమో

ఆ రోజుల్లో ఇల్లు సర్దుడంటే అక్కకు రోజూ పది నిమిషాల పని, నాకు ఏడాదికొక్కసారి చేసే యుద్ధం. ఈ తేడా మీదనే కామారెడ్డి స్టేషన్ దగ్గరి ఒంటిగదిల రెండేండ్లు కొట్లాడుకున్నం. అక్క నర్సు ట్రైనింగ్ అయిపోయి ఒక ప్రైవేటు దవాఖానల చేసేది. నేను డిగ్రీ చదివేదాన్ని (అని ఇంట్లోవాళ్ల నమ్మకం). తీసిన వస్తువు తీసిన జాగలనే పెట్టాలె, పండుకునే ముందు గదంతా ఒకసారి సర్దాలె, ఆర్నెల్లకోసారి ట్రంకుపెట్టె దులిపి అక్కరలేనివి తీసెయ్యాలె. ఇవి అక్క చట్టాలు. మా దువ్వెనకు గూడ సొంతంగ ఒక మేకు ఉండేది.

2012ల అక్కకు ఎల్లారెడ్డిల పెండ్లయింది. పోయేటప్పుడు తాళంచెవి నా చేతిల పెట్టి, రోజుకు పది నిమిషాలు చాలు, మర్చిపోకుమని చెప్పింది. వారం రోజులు మర్చిపోలేదు. ఎనిమిదో రోజు అలసిపోయిన. ఆ అలసట ఏడాది నడిచింది.

ఒకరోజు పొద్దుగాల అక్క ఫోన్ చేసింది. సర్కారు నర్సు ఉద్యోగానికి పిలిచిన్రట. రేపు నిజామాబాద్‌ల ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలె, ఇంటర్ మెమో మన ట్రంకుపెట్టెలనే ఉండిపోయింది, బస్సెక్కుతున్న అన్నది. గదిల అడుగు పెట్ట జాగ లేదు. మూడు పాత చీరెలు పరిచి, నేల మీద ఉన్నదంతా వాటిల పోసి మూటలు గట్టి, ఇంటి ఓనరవ్వ అర్రల పెట్టొచ్చిన. ఊడ్చి, తుడిచి, ఊదుబత్తి ముట్టిచ్చేసరికి అక్క గుమ్మంల ఉన్నది.

గది చూసి అక్క కండ్లు తడైనయి. బాగ ఉంచినవ్ పిల్లా అని నా తల నిమిరి, ట్రంకుపెట్టె తెరిచింది. లోపల ఒక గొంగడి, రెండు బొద్దింకలు. (చలికాలం స్వెటర్ కోసం పెట్టె బోర్లించిన సంగతి నాకు అప్పుడు యాదికొచ్చింది.) ఇగ మూటల గురించి చెప్పక తప్పలేదు. పోయి చూస్తే అర్రల రెండే ఉన్నయి. ఓనరవ్వ సంబురంగ ఒక స్టీలు గిన్నె తెచ్చి నా చేతిల పెట్టింది. పాతబట్టలనుకుని మూడో మూట గిన్నెలామెకు ఇచ్చిందట, నా కోసమే బేరమాడిందట.

రెండు మూటలూ విప్పితే మెమో లేదు. అక్క ఒక గల్లీ, నేను ఒక గల్లీ ఉరికినం. రైల్వే గేటు దగ్గర నీడకు కూసున్న గిన్నెలామె దొరికింది. గిన్నె వాపసిస్తమంటే ఆమె వెంటనే ఒప్పుకున్నది. మూట విప్పి చూసిందట, ఆ బట్టలకు గిన్నె కాదు గదా, మూత గూడ రాదట. మెమో నా నోటుబుక్కుల మధ్య ఉన్నది, ఒక మూలకు నూనె మరకతోటి.

గదికి వచ్చినంక తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డ. అక్క పోయి విప్పిన మూటల మధ్య కూలబడ్డది. ఇప్పుడే సర్దుతనని వంగితే నా చెయ్యి పట్టుకున్నది.

"ఉండనియ్యే. అక్కడ పదకొండు మందిమి. ఏడాదైంది, నాకంటూ ఒక్క అర లేదు. నేనెక్కడ ఏం పెట్టినా ఇంకోలు తీసి సర్దుతరు. జర సేపు గిట్లనే కూసుంట."

తర్వాత ఫోన్ తీసి, అబద్ధమాడని మా అక్క అత్తకు చెప్పింది:

"ఇంకా దొర్కలేదు అత్తమ్మా. రాత్రికి ఇక్కడనే ఉండి రేపు ఇటునుంచే నిజామాబాద్ పోత."

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే పల్లెంల అటుకులు తిని, పల్లెం అక్కడనే వదిలేసినం. తెల్లారి అక్క చెద్దరు మడవకుండ పోయింది. నేను దాన్ని రెండు రోజులు మడవలేదు.

ఉద్యోగం వచ్చింది. అక్కకు ఇప్పుడు కామారెడ్డిలనే సొంత ఇల్లున్నది. నా ఇల్లు గూడ అద్దం లెక్క ఉంటదని చుట్టాలంటరు. మూటలు దాచిన ఆ పిల్ల యాదికొస్తే సిగ్గయితది, మళ్ల నవ్వొస్తది. ఆ పిల్ల బుద్ధిగ సర్ది ఉంచితే, అక్క మెమో తీసుకుని తర్వాతి బస్సుకే ఎల్లారెడ్డి పోయేది.