కనపడని గోడకు నక్షా

పదిహేను రోజులకోసారి నేను తలకు రంగు వేసుకుంటాను. నా వయసు తెలియనివాళ్లు మా బంధువుల్లో లేరు కనుక దాచేదేమీ లేదు, అలవాటు పోక వేసుకుంటాను. గిన్నెలో కలపగానే ముక్కులో సూదిలా గుచ్చే అమోనియా వాసన లేస్తుంది, ఇంట్లోవాళ్లు కిటికీలు తెరుస్తారు, నేను మాత్రం ఉప్పుగూడ స్టేషన్‌కు రెండు సందుల ఇవతల, మా పాత ఇంటి ముందుగదిలో, బాపు బల్ల పక్కన వెళ్లి కూర్చుంటాను.

మా బాపు ఇళ్లకు నక్షాలు గీసేవాడు. పురానాపూల్ దగ్గరి దుకాణంలో వాటిని అమోనియా ఆవిరి మీద అచ్చు వేయించి, రేకు గొట్టంలో చుట్టి సైకిల్ మీద తెచ్చేవాడు, మూత తీస్తే గదంతా ఇదే వాసన. చెడిపోయిన అచ్చులు మా పుస్తకాలకు అట్టలయ్యేవి, అందుకే నా లెక్కల పుస్తకం ఎవరిదో మూడు గదుల ఇల్లు, చెల్లె తెలుగు వాచకం ఒక పిండిగిర్ని. ఎండాకాలం వాకిట్లో బాపమ్మ చల్లమిరపకాయలు ఆరబెట్టేది, ఆషాఢంలో బోనాల డప్పులకు గోడలు అదిరేవి, ఏ కాలంలోనైనా రైలొస్తే బాపు కలం పైకెత్తి, బల్ల వణుకు ఆగేదాకా ఊపిరి బిగబట్టి, గీతను ఆపినచోటే మళ్లీ అందుకునేవాడు. వద్దనుకున్న గీతను సగం బ్లేడుతో గీకేసేవాడు. ఆ పల్చటి ట్రేసింగ్ కాగితం ఒకేచోట నాలుగైదు గీకుళ్లకు మించి ఓర్చుకోదు. చంద్రయ్య సేటు ఓపిక అంతకంటే చాలా ఎక్కువ.

సేటుకు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం టోకు దుకాణం. తమ్ముడితో కలిసి ఉండడానికి ఇల్లు కడతానంటూ వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఒక బెల్లం ముద్ద, ఒక మార్పు తెచ్చేవాడు.

"నడుమల ఒక గోడ ఉండాలె సారూ," అన్నాడు మొదటిసారి. బాపు గీశాడు.

"గోడ లెక్క కొడ్తున్నది గదా," అన్నాడు రెండోసారి, చాలా నొచ్చుకుని. "గోడ ఉండాలె. గని కనవడొద్దు."

మూడోసారి వంటిళ్లు రెండు కావాలన్నాడు, లోపలికొచ్చినవాళ్లకు మాత్రం ఒకటే అనిపించాలట. నాలుగోసారి గోడకు తలుపు కావాలన్నాడు, అది తెరుచుకోకూడదట.

"తెర్వని తలుపు ఎందుకు సేటూ?"

"ఉన్నదని చెప్పెతందుకు."

"ఎవరికి?"

సేటు బెల్లం ముద్దను బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిపాడు. "నువ్వు గీయి సారూ. మంచిగ రావాలె, అంతే."

మా ఇంట్లో అందరం ఎవరికి తోచింది వాళ్లం అనుమానించాం. రెండు వంటిళ్లంటే ఇద్దరు పెండ్లాలేనని అమ్మ తేల్చేసింది. "ఊకె బెల్లం ఇచ్చెటోన్ని నమ్మొద్దు," అని బాపమ్మ పరమాన్నం కలుపుతూనే హెచ్చరించేది. నేనూ చెల్లె గడప దగ్గర ఆయన చెప్పులు పరిశీలించాం. కొత్తవి. అదీ అనుమానాస్పదంగానే తోచింది.

బాపు అనుమానం మాత్రం నవ్వులాటది కాదు. అవి ఎమర్జెన్సీ రోజులు, సరుకు దాచిన వ్యాపారుల ఇళ్ల మీద దాడులు జరుగుతున్నాయని వినేవాళ్లం. రేపు కనపడని గోడ వెనక ఏదైనా దొరికితే నక్షా కింద సంతకం బాపుది. లైసెన్సు పోతే మా ఇంట్లో గీతలు గీసేది ఇక మేమిద్దరమే, అదీ తొక్కుడుబిళ్లకు.

తలుపు తీసేయమన్నాక, గోడను ఒక జానెడు జరపమని, మళ్లీ వెనక్కి జరపమని అన్నాక, గీకుతున్నచోట కాగితానికి చిల్లు పడింది. చిటికెన వేలి గోరంత. బాపు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మొత్తం మళ్లీ గీయాలంటే వారం. తన జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు: వెనక నలుచదరపు ముక్క అతికించి, పైన గోడను గోడలాగే, ఎవరికైనా కనపడేలా నిండుగా గీశాడు. దాచే జాగా ఎక్కడా లేదని రెండుసార్లు వెతుక్కుని సంతకం పెట్టాడు. సేటు దాన్ని సరిగా చూడనైనా చూడకుండా, "ఆఁ, గిట్ల," అన్నాడు. అంత తొందరగా ఒప్పుకోవడం మాకింకా అనుమానం కలిగించింది.

దసరా ముందు ఒక ఆదివారం, సేటు ఇల్లు కడుతున్న ఖాసిం మేస్త్రీ వచ్చాడు. మనుషుల మాటకంటే కాగితాన్ని ఎక్కువ నమ్మే మనిషి. "సాబ్, బీచ్ కీ ఖిడ్కీకు సలాఖాఁ లగానా?" అన్నాడు. నడుమ గోడ కిటికీకి చువ్వలు పెట్టాలా అని.

"ఏ కిటికీ?" అన్నాడు బాపు.

మేస్త్రీ అచ్చు తీసి చూపించాడు. అతికించిన ముక్క అంచులు గోడ మధ్యలో చక్కటి చదరంగా, నీలంగా పడ్డాయి. మేస్త్రీ దాన్ని కొలిచి, రెండున్నర అడుగుల ఖాళీ వదిలి గోడ కట్టేశాడు.

బాపు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సేటు కొత్త ఇంటికి బయల్దేరాడు. అక్కడ గోడకు ఈవల సేటు, ఆవల తమ్ముడు, నడుమ ఆ ఖాళీని చేత్తో తడుముతూ ఒక ముసలమ్మ. సేటు బాపును ఇసుక కుప్ప వెనక్కి లాక్కుపోయి గుసగుసగా చెప్పిన సంగతి ఇదీ: అన్నదమ్ములు వేరుపడ్డారు. వేరుపడ్డ ఇంట్లో అడుగు పెట్టనని తల్లి ఒట్టేసుకుంది. ఆమె రెండు కండ్లకూ పొరలు. కాబట్టి గోడ ఆమె ఒక్కదానికి కనపడకపోతే చాలు.

"ఈ కిటికీ గీసిందెవరు?" అంది ముసలమ్మ.

"నేనేనమ్మా."

"మా పోరగాండ్లు నడుమల గోడ లేదంటున్నరు. గోడ లేకుంటే కిటికీ దేనికి నాయ్నా?"

ఇంటి వెనక పట్టాల మీద రైలొచ్చింది. బాపు అలవాటు ప్రకారం అది పోయేదాకా ఆగాడు.

"గోడ ఉన్నదమ్మా. కిటికీ నా తప్పు."

ఆమె చెయ్యి మోచేతిదాకా అవతలికి చాచింది. అక్కడ నిలబడ్డ చిన్న కోడలు ఏం చెయ్యాలో తోచక ఆ చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టింది. ముసలమ్మ నిదానంగా తాగింది.

"దీన్ని మూయకుండ్రి. చువ్వలు గిట్ల పెట్టకుండ్రి, కూరగిన్నె వట్టాలె," అంది. "గట్లయితే వస్త."

సేటు బాపు వైపు తిరిగి, "మొదటి సంది నేను చెప్తున్నది గిదే గద సారూ," అన్నాడు.

ఆ దసరాకు మా ఇంటికి రెండు బెల్లం ముద్దలొచ్చాయి, అన్నది ఒకటి, తమ్ముడిది ఒకటి. బాపమ్మ రెండింటినీ అనుమానించి, రెండింటితోనూ రొట్టెలు నలిపి మలీద ముద్దలు చేసింది.

ఇప్పుడు సేటు ఇంటి జాగాలో అయిదంతస్తుల బిల్డింగు ఉంది. పురానాపూల్ అచ్చుల దుకాణం లేదు, సగం బ్లేడ్లు లేవు, నక్షాలకు వాసన లేదు. మా చెల్లె కూతురు కంప్యూటర్ మీద ఇళ్లు గీస్తుంది. మొన్న ఎవరో, హాలు విడిగా ఉండాలి, కలిసీ ఉండాలి అన్నారట.

"నడుమల గోడ ఎవరికి కనపడొద్దంటున్నడో అడుగు," అన్నాను.

"అవన్నీ అడగం పెద్దమ్మా," అని ఒక మీట నొక్కింది. గోడ పోయింది. ఇంకోటి నొక్కింది. గోడ వచ్చింది. తెర మీద గీకిన గుర్తు కూడా లేదు. ఆ ఇంట్లో కూరగిన్నె ఎటునుంచి పోతుందో నాకు అర్థం కాలేదు.