మూడో ఈతగత్తె

ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి బోలెడు కోరికలుంటాయంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకున్న కోరిక ఒక్కటే, నిద్ర. విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. పగలంతా ఫైళ్లు, సాయంత్రం ఇంకొన్ని ఫైళ్లు, ఆదివారం గజపతినగరం వెళితే అక్కడ మా నాన్న కిరాణా కొట్టు (సెలవు రోజున కూతురొచ్చింది గదా అని నన్ను కొట్టులో కూర్చోబెట్టి ఆయన హాయిగా కునుకు తీసేవాడు). ఆ రోజుల్లో నేను బస్సులో నిలబడి కూడా నిద్రపోగలిగేదాన్ని. అలాంటి నన్ను పట్టుకుని బటర్‌ఫ్లై ఈత నేర్చుకోమన్నారు.

అన్నది మా సూపరింటెండెంటు. ఆఫీసులో అందరం పెద్ద మేడమ్ అనేవాళ్లం. నాగావళి ఒడ్డున రైతుల ఇంట పుట్టిన మనిషి, చిన్నప్పుడు నడుముకి సొరబుర్ర కట్టుకుని ఏట్లో ఈత నేర్చుకుందట. రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉంది. ఆ ఏడాది ఉద్యోగుల ఆటల పోటీల్లో ఆడవాళ్లకి ఈత కూడా పెట్టారు. ఫ్రీస్టైలుకి కుర్రపిల్లలు ఎగబడి పేర్లిచ్చారు. బటర్‌ఫ్లైకి మాత్రం ఇద్దరే: మా పెద్ద మేడమూ, వేరే ఆఫీసులో పనిచేసే ఒక పొడుగు కాళ్ల అమ్మాయీ. ముగ్గురు లేకపోతే పోటీ రద్దు. నేనెప్పుడో భోజనాల దగ్గర, డిగ్రీ చదివేటప్పుడు వేసవి శిబిరంలో ఈత నేర్చుకున్నానని గొప్పకి చెప్పి ఉన్నాను. (నోటిని అన్నం తినడానికి మాత్రమే వాడుకునేవాళ్లకి సగం కష్టాలుండవు.)

“నాకు మామూలు ఈతే వచ్చు మేడమ్, బటర్‌ఫ్లై రాదు” అన్నాను.

“రాకపోతే నేర్సుకో. నెలన్నర ఉన్నాది. నువ్వేటీ గెలవక్కర్నేదు. మునిగిపోకుండా అటెల్లి ఇటొస్తే సాలు” అంది. నేను గోడ గడియారం వైపు చూస్తుంటే గొంతు తగ్గించింది. “ముప్పై అయిదేళ్లు సర్వీసు సేసినానమ్మా. ఒక్కపాలైనా నా పేరు మైకులో పిలిసినోళ్లు నేరు.”

ఆ మాట విని ఒప్పేసుకున్నాను. మర్నాడు పొద్దున్న అయిదుకే లేవాలని అప్పటికి తట్టలేదు.

ఈతకొలనులో ఆడవాళ్లకి నేర్పే కోచ్ అక్కది కళింగపట్నం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. నీళ్లలో పుట్టి, ఏదో పనిమీద గట్టెక్కినట్టుండేది. బటర్‌ఫ్లైలో రెక్కల్లా రెండూ ఒకేసారి విసిరే చేతుల సంగతి తర్వాత చూద్దాం, ముందు డాల్ఫిన్ కిక్కు రావాలంది. రెండు కాళ్లూ కలిపి, ఒంటిని అలలాగా ఊపుతూ నీళ్లని తన్నాలి. వినడానికి బాగానే ఉంది. మొదటి రోజు నీళ్లలో తేలే చెక్క పట్టుకుని అరగంట తన్నాను. తల తిప్పి చూస్తే బయల్దేరిన మెట్టు ఇంకా నా కాళ్ల దగ్గరే ఉంది.

“ఏటమ్మా, ముందుకి తన్నమంటే ఎనక్కెల్తన్నావు?” అంది అక్క నడుం మీద చేతులేసుకుని. “మోకాల్లతోటి తన్నకు. గుండెకాయ కాడ మొదలెట్టి కాలేళ్ల దాకా తోలు. రెండు కాల్లూ నీవి గావు, ఒకటే తోకనుకో!” నా కాళ్లకి ఆ సంగతి ఎంతకీ ఎక్కలేదు. ఒకటి ముందు తన్నేది, రెండోది దాన్ని చూసి తన్నేది. నాలుగో రోజు అక్క తువ్వాలు తెచ్చి నా రెండు చీలమండలూ కలిపి కట్టేసింది. అప్పుడు కాళ్లు విడిపోలేదు గానీ, నేను నిలువునా కిందికి పోయాను.

నీళ్లలో రాంది నేలమీద అభ్యాసం చేస్తే వస్తుందని ఎవరో చెప్పారు. ఒక సాయంత్రం అద్దెగదిలో మంచం మీద బోర్లా పడుకుని, పళ్లు బిగించి, కళ్లు మూసుకుని ఒళ్లంతా ఊపుతున్నాను. మజ్జిగ ఇద్దామని వచ్చిన ఇంటి ఓనరు మామ్మ కిటికీలోంచి చూసింది. “ఒలమ్మ, పిల్లకి మూర్చొచ్చీసింది!” అన్న కేకకి ఇరుగూపొరుగూ పరిగెత్తుకొచ్చారు. నేను కళ్లు తెరిచేసరికి నా గుప్పిట్లో ఇనప తాళాల గుత్తి ఉంది, నలుగురు ఆడవాళ్లు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకున్నారు.

“మూర్ఛ కాదు మామ్మా, డాల్ఫిన్ కిక్కు!”

“అదేటి? కొత్త రోగమా?” అంది మామ్మ, పట్టు సడలించకుండా.

రోగమే అనిపించేది నాకు. తొడలు నొప్పి, నడుం నొప్పి, దగ్గితే పొట్ట నొప్పి. ఆఫీసు మేడ ఎక్కాలంటే కమ్మీ పట్టుకుని మెట్టుకొక నిట్టూర్పు. ఒక మధ్యాహ్నం సీలు వేయడానికి కాగితాలు ముందేసుకుని బల్లమీదే నిద్రపోయాను. లేచేసరికి రామతీర్థం నుంచి అర్జీ పట్టుకొచ్చిన ముసలి రైతు నా చెంపకేసి తేరిపార చూస్తూ, “మేడమ్‌గారూ, తమకీ ముద్దరేసీసినారేటి?” అన్నాడు. రబ్బరు ముద్ర మీదే తల పెట్టాను కాబోలు, తారీకుతో సహా పడింది. మానేస్తానని చెబుదామని ఆ రోజే పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కుర్చీలో కూర్చునే, బల్ల కింద రెండు కాళ్లూ కలిపి మెల్లగా ఊపుకుంటోంది. ఫైలు ఇవ్వడానికొచ్చానని చెప్పి వెనక్కొచ్చేశాను.

పోటీనాడు ఈల వేయగానే ముగ్గురం దూకాం. పొడుగు కాళ్ల అమ్మాయి ఎటు పోయిందో నాకు కనిపించనే లేదు. పెద్ద మేడమ్ పక్క వరసలో నాకు బారెడు ముందుంది. ఆవిడ వెనకాలే ఇవతలికి చేరితే నా పూచీ తీరిపోతుంది, ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఎలాగో అవతలి గోడ ముట్టుకుని తిరిగాను. వచ్చే దారిలో సగం దూరానికి ఓపిక పూర్తిగా అయిపోయింది, తన్నాలన్న పట్టుదల కూడా పోయింది. సరిగ్గా అప్పుడే, నా ప్రమేయం లేకుండా, ఛాతీ దగ్గర మొదలైన ఊపు నడుం దాటి కాళ్లలోకి జారింది. రెండు కాళ్లూ ఒక్కటిగా నీళ్లని తోశాయి. మళ్లీ తోశాయి. నెలన్నరగా నా మీద బరువుగా కూర్చున్న నీళ్లు ఒక్కసారిగా నన్ను మోసుకుపోయాయి. ఎవరు ముందో ఎవరు వెనకో మర్చిపోయాను. గోడ తగిలి తలెత్తితే పొడుగు కాళ్ల అమ్మాయి గట్టుమీద తల తుడుచుకుంటోంది. పెద్ద మేడమ్ ఇంకా వస్తోంది.

పై అధికారిని, అందులోనూ రిటైరయ్యే మనిషిని దాటేశాను! ఆవిడ రెండు చేతులూ గోడకి ఆనించి, రొప్పుతూ నాకేసి చూసింది.

“క్షమించండి మేడమ్, కావాలని కాదు. అదే వచ్చేసింది.”

“మునిగిపోకుండా రమ్మంటే నన్నే దాటీసినావేటే!” అంది. తర్వాత నవ్వు మొదలై, దగ్గొచ్చి, ముక్కులోకి నీళ్లు పోయి కాసేపు ఉక్కిరిబిక్కిరైంది. “ముగ్గురమే కదే పిచ్చిదానా దిగినాం. మూడోదానికైనా మెడల్ ఇస్తారు. ఆ లెక్క సూసుకునే నిన్ను దింపినాను.”

బహుమతులప్పుడు మైకులో ముందు ఆ అమ్మాయి పేరు, తర్వాత నా పేరు, చివరికి ఆవిడ పేరు పిలిచారు. ఇంటిపేరుతో సహా, మైదానం చివర టీ కొట్టు దాకా వినిపించేలా. ఆవిడ లేచి, తడి జుట్టు ముడేసుకుని, నాలుగడుగులు వేసి ఆగింది.

“ఇంకోపాలి పిలవండి బాబూ, ఇనబడ్నేదు.”

ఇప్పుడు నేనూ సూపరింటెండెంటునే. నడుం నొప్పికి ఈత మంచిదని డాక్టరంటే పోయిన నెల కొలనుకి వెళ్లాను. ఎవరూ చూడటం లేదు గదా అని బోర్లా తిరిగి రెండు తన్నులు తన్నాను. పక్క వరసలో పిల్ల ఆగి, “ఆంటీ, కాలు పట్టేసిందా?” అంది జాలిగా. అవునన్నాను. మెట్టుమీద కూర్చుని కాసేపు నీళ్లలో కాళ్లాడించాను. రెండూ దేనికదే ఊగుతున్నాయి. ఊగనీ అనుకున్నాను.